రేవు కాసిన బిళ్ళ

జూన్ 2, ఆదివారం

ఈ రోజు నా చేతికి ఒక సైన్యం వచ్చింది. ఓడిపోతున్న సైన్యమే. అయితేనేం, సైన్యం సైన్యమే కదా!

కళ్ళజోడు కాడ విరిగింది. కట్టుడుపళ్ళు చేసే నాలాంటిదానికి కళ్ళజోడు లేకపోతే చేతులు లేనట్టే. రేపు ల్యాబ్‌లో రెండు సెట్లు అప్పజెప్పాలి. అద్దాల షాపుకి వెళితే మూసి ఉంది. వెనక గది కిటికీలో లైటు కనబడి, సిగ్గు విడిచి తలుపు తట్టాను. కళ్ళజోళ్ళాయన తీశాడు. ఆ మనిషి ఏదడిగినా కాసేపు ఆలోచించి గానీ జవాబివ్వడు. "కాడ విరిగిందండీ" అంటే, దానికి కూడా ఆలోచించాడు.

లోపల ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే బల్ల. బల్ల మీద పెద్ద పటం. పటం నిండా తేనెపట్టులా ఆరు మూలల గడులు, గడుల్లో గోరంతేసి అట్టబిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద అంకెలు. అవతలి కుర్చీలో ఒక పెద్దాయన. రిటైరైన ఈత కోచ్. అందరూ ఆయన్ని జనరల్‌గారు అంటారట. యుద్ధమన్నది ఈ బల్ల మీద తప్ప చూసిన మనిషి కాదు గానీ మెడలో విజిల్ మాత్రం ఉంది. కళ్ళకి శుక్లాలు. అంకెలు కనబడక వేళ్ళతో తడుముతూ ఒక దొంతర బిళ్ళలు మొత్తం కూలదోశారు. ఇద్దరూ "అయ్యయ్యో" అని కొయ్యబారిపోయారు.

నా బ్యాగులో ట్వీజర్ ఎప్పుడూ ఉంటుంది. తీసి, విరిగిన కళ్ళజోడు ఒక చేత్తో కంటికి పట్టుకుని, వాళ్ళు చెబుతుంటే ఒక్కొక్కదాన్నే ఎత్తి ఎవరి గడిలో వాళ్ళని కూర్చోబెట్టాను. పక్కబిళ్ళ కదిలితే ఒట్టు.

"అమ్మాయ్," అన్నారు జనరల్‌గారు, "ఎల్లుండి నా కంటికి కత్తి పెడుతున్నారు. ఒకటయ్యాక ఇంకోటి. అంతదాకా ఈ పక్కకి రాకూడదట. నా సైన్యం నువ్వు తీసుకో. పట్టణం మాత్రం పోనివ్వకు."

"నాకేం తెలుసండీ?"

"అన్నీ తెలిసి నేను మాత్రం ఏం ఉద్ధరించాను? మూడు వైపులా చుట్టేశాడు వీడు!"

కళ్ళజోళ్ళాయన కాడ బిగించి ఇచ్చాడు, ఈయన రూల్స్ పుస్తకం చేతిలో పెట్టారు. తెచ్చుకున్నాను. ఊరికే, కాలక్షేపానికి.

జూన్ 4

యుద్ధమంటే కొట్టుకోవడం అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదట. భోజనాలట!

పుస్తకంలో కొట్టుకోవడానికి రెండు పేజీలు, సరఫరాకి తొమ్మిది. ప్రతి బిళ్ళకీ తిండీ మందుగుండూ అందాలి. బిళ్ళ దగ్గర మొదలుపెట్టి గడి గడీ వెనక్కి వెళుతూ మన రైలు స్టేషన్‌కి చేరగలిగితే ఆ బిళ్ళ బతికినట్టు. శత్రువు బిళ్ళకి ఆనుకుని ఉన్న గడులన్నీ వాడి చూపులో ఉన్నట్టే, వాటిగుండా తిండి బండి రాదు. కానీ ఆ గడిలో మనవాడొకడు నిలబడి ఉంటే వస్తుంది. ఎంత బక్కప్రాణమైనా సరే, నిలబడి ఉంటే చాలు! ఈ రూలు మూడుసార్లు చదివాను.

దారి తెగితే బిళ్ళ నెత్తిన ఎర్రది పెడతారు, ఆకలి బిళ్ళ. బలం సగమైపోతుంది. పై వంతుకి కూడా తిండి అందకపోతే చేతులెత్తేయడమే.

నా వాళ్ళంతా కొండ మీది పట్టణంలో ఉన్నారు. మూడు వైపులా కళ్ళజోళ్ళాయన సైన్యం. నాలుగో వైపు ఏరు, ఏటికి ఒక రేవు. ఆ రేవు గడి కూడా ఆయన చూపులోనే ఉంది. అయితే అక్కడ నాది ఒకే ఒక్క బిళ్ళ ఉంది, దాని మీద అంకె ఒకటి. మొత్తం సైన్యంలోకి చిన్నది. అది నిలబడి ఉన్నంతకాలం నా పట్టణం తింటుంది.

జూన్ 9, ఆదివారం

వెళ్ళాను. ఓడిపోలేదు!

ఆ గదికో పద్ధతి ఉంది. వంతు మొదట్లో ఎవరి సరఫరా దారి వాళ్ళు చూసుకోకూడదు, ఎదుటివాళ్ళది చూడాలి. తన దారి తాను చూసుకునేవాడు ఆశకొద్దీ అబద్ధం చెబుతాడని జనరల్‌గారు పెట్టిన రూలట. అందుకని కళ్ళజోళ్ళాయన వేలు పెట్టి నా పట్టణం నుంచి గడి, గడి, గడి అని మెల్లగా రేవు దాటి స్టేషన్ దాకా వచ్చాడు. తలెత్తి, "మీవాళ్ళు బతికే ఉన్నారు" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందంటే, చంటిపిల్లకి జ్వరం తగ్గిందని డాక్టరు చెప్పినట్టు అనిపించింది. తరవాత ఆయన దారి నేను చూశాను. ఆయన గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఇది ఎందుకు రాశానో తెలియదు.

టీ తాగుతూ ఒక మాట చెప్పాడు. షాపు ఎత్తేస్తున్నాడట. వాళ్ళక్క తన ఊళ్ళో షాపు చూసిపెట్టిందట. ఇక్కడ ఒంటిగా ఎందుకురా అని చాలాకాలంగా పోరుతోందట.

"ఎప్పుడు వెళతారు?"

ఆలోచించాడు. "ఆట అయిపోగానే. బల్ల కదిలిస్తే బిళ్ళలు చెదిరిపోతాయి కదండీ. మీ పట్టణం పడిపోతే ఆట అయిపోయినట్టే."

ఆయన ఎక్కడికి వెళితే నాకేం. ఏదో తెలుసుకుందామని అడిగాను.

పట్టణం పడనివ్వను.

జూన్ 12

విడాకుల కాగితాలు వచ్చాయి. సంతకం పెట్టాను. చెల్లి ఏడ్చింది, నేనే ఊరుకోబెట్టాను. ఆదివారానికి ఇంకా నాలుగు రోజులు.

జూన్ 15

ఇంట్లో పెద్ద గొడవ. తప్పు నాదే.

చెల్లి ఇంటికి వచ్చి, ఇస్త్రీ గదిలో నా మంచం పడ్డాక ఇక బల్లకి చోటెక్కడిది? అందుకని చెల్లి వంటింటి బల్ల మీద పటం గీసుకుని, ల్యాబ్ నుంచి తెచ్చిన పనికిరాని పళ్ళతో యుద్ధం ఆడుకుంటున్నాను. దవడపళ్ళు ఫిరంగులు, ముందుపళ్ళు కాల్బలం, కోరపళ్ళు గుర్రాలు. మొత్తం సర్దేశాననే అనుకున్నాను. ఒక ఫిరంగి మాత్రం చక్కెర డబ్బాలోకి పోయింది. పొద్దున మరిది టీ కలుపుకుంటుంటే చెంచాతో పాటు పైకి వచ్చింది.

ఆ మనిషి అరవలేదు. కప్పు కింద పెట్టి, నాలుకతో తన పళ్ళన్నీ ఒకసారి చూసుకుని, "వదినగారూ, ఇది నాది కాదండీ" అన్నాడు. చెల్లి నవ్వలేక ఏడవలేక, "అక్కా, నీకు పిచ్చి ముదిరింది!" అని కేకలేసింది. నేను మాత్రం కడుపుబ్బ నవ్వాను. ఇలా నవ్వి ఎన్నాళ్ళైందో.

జూన్ 16, ఆదివారం

ఈ రోజు ఒక సందేహం అడిగాను. "నా రేవు బిళ్ళ మీదకి మీరు ఏరు దాటి వచ్చి దాడి చెయ్యొచ్చా?"

చాలాసేపు ఆలోచించాడు. కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "కష్టమండీ" అన్నాడు.

కష్టమట! ఏటి రూలు పుస్తకంలో నేనూ చూశాను. దాటి కొట్టేవాడి బలం తగ్గుతుందని ఉంది. ఇంత అనుభవమున్న మనిషే కష్టమంటున్నాడంటే ఇక నా రేవుకి ఢోకా లేదు. అసలు అంత చిన్న బిళ్ళని అక్కడ ఉంచి ఇన్ని బలగాలని ఆపడం మాటలా? ఆపుతున్నాను. నాలో ఇంత తెలివి ఉందని ఇంట్లో ఒక్కళ్ళూ చెప్పలేదు.

జూన్ 23, ఆదివారం

"మీవాళ్ళు బతికే ఉన్నారు."

వాన పడింది. గొడుగు తీసుకెళ్ళలేదు. కాదు, తీసుకెళ్ళాను, బ్యాగులోంచి తియ్యలేదు. ఆయన తన గొడుగులో బస్‌స్టాప్ దాకా వచ్చాడు. దారంతా నా గుర్రాల గురించే మాట్లాడాము. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగాను. అలా అడగకూడదని తెలుసు, నోరు ఊరుకోలేదు.

"అక్క చాలా సంబంధాలు చూసిందండీ. నేను ఆలోచించి సరే అనేలోపు వాళ్ళకి పెళ్ళిళ్ళు అయిపోయేవి."

బస్సు ఎక్కాక కూడా నవ్వు ఆగలేదు. కండక్టరు ఎగాదిగా చూశాడు.

జూన్ 30, ఆదివారం

ఆయన స్టేషన్ ఖాళీగా ఉంది. కాపలాకి ఒక్క బిళ్ళయినా లేదు. నా గుర్రాలకి సరిగ్గా అందే దూరం. అది పట్టుకుంటే మూడు వైపులా ఉన్న ఆయన సైన్యమంతా ఆకలికి మాడిపోతుంది, ఆట గెలిచినట్టే.

గుర్రాన్ని ఎత్తాను. స్టేషన్ ముందు గడి దాకా తెచ్చాను. ఆయన పటం వైపు చూడటం లేదు, నా వైపు చూస్తున్నాడు. గుర్రాన్ని వెనక్కి తీసుకెళ్ళి పట్టణంలో పెట్టేశాను.

స్టేషన్ పట్టుకోవడానికి ఏదో రూలు అడ్డం ఉండే ఉంటుంది. ఇంత సులువుగా ఎందుకు ఉంటుంది? పుస్తకం తెరిచి చూడలేదు. ఓపిక లేదు.

జూలై 1

ఓపిక లేకే చూడలేదు.

జూలై 7, ఆదివారం

ఒళ్ళు మండిపోతోంది. కలం కూడా సరిగ్గా ఆడటం లేదు.

జనరల్‌గారు వచ్చారు. రెండు కళ్ళూ బాగైపోయాయి. నల్లద్దాలు పెట్టుకుని, విజిల్ ఊదుతూ లోపలికి వచ్చి, "ఏదీ నా సైన్యం! అరె, ఇంకా బతికే ఉందే! శభాష్ అమ్మాయ్!" అని నా వీపు తట్టారు. తరవాత బల్ల మీదకి వంగి కొత్త కళ్ళతో ఒక్కో అంకె చదవడం మొదలెట్టారు, చిన్నపిల్లాడు షాపు బోర్డులు చదివినట్టు. చదువుతూ చదువుతూ రేవు దగ్గర ఆగిపోయారు.

"ఒరేయ్," అన్నారు ఆయనతో, "ఈ ఒంటి బిళ్ళని ఎందుకు కొట్టలేదురా?"

"ఏరు ఉంది కదా సార్."

"ఏరుంటే? దాటితే బలం సగం. నీది పన్నెండు. సగమైతే ఆరు. ఎదురుగా ఉన్నది ఒకటి! ఊదితే పోతుంది కదరా! ఎన్ని వారాలైంది ఇది ఇక్కడ నిలబడి? నాకంటే గుడ్డివాడివైపోయావా?"

 ఆయన చెవులు ఎర్రగా అయిపోయాయి.

నాకు అప్పుడు అర్థమైంది. నేను ఎవరినీ ఆపలేదు. నా తెలివీ లేదు, నా రేవూ లేదు. చంటిపిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాపం ఆడుకోనీలే అని ఓడిపోయినట్టు నటించాడు! కష్టమండీ అన్నాడు, అద్దాలు తుడుచుకుంటూ! ఆ మొగుడింట్లో పదకొండేళ్ళు నాకేమీ తెలియదనే చెప్పించుకున్నాను. ఇక్కడా అంతేనా?

"నాకెవరి జాలీ అక్కర్లేదండీ" అని లేచి వచ్చేశాను. ట్వీజర్ అక్కడే మర్చిపోయాను. పోతే పోయింది, ల్యాబ్‌లో ఇంకోటుంది.

జూలై 8

ఇక వెళ్ళను.

జూలై 9

వెళ్ళను.

జూలై 14, ఆదివారం

వెళ్ళలేదు. పొద్దుటి నుంచీ చెల్లి ఇంట్లోని అలమారలన్నీ తుడిచాను. తుడిచినవే మళ్ళీ తుడుస్తుంటే చెల్లి నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"ఏమైందో చెప్పు ముందు."

చెప్పాను. పళ్ళన్నీ బల్ల మీద పేర్చి మరీ చెప్పాను. రేవు చూపించాను, ఏరు చూపించాను, ఆరూ ఒకటీ లెక్క చెప్పాను. అది బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది. ఇన్నాళ్ళూ వంటింట్లో నా ఆట చూసీ చూసీ దానికీ రూల్స్ వచ్చేశాయి.

"మరి ఇదేంటే అక్కా?" అని ఒక కోరపన్ను మీద వేలు పెట్టింది. నా గుర్రం. "ఇక్కడి నుంచి ఆయన స్టేషన్ అందుతుంది కదా? ఖాళీగా ఉంది కదా? నువ్వెందుకు కొట్టలేదు?"

"చూడలేదు."

"చూడకుండానే ఇక్కడిదాకా తెచ్చి వెనక్కి తీసుకెళ్ళావా? మొన్న నువ్వే చూపించావు కదే నాకు!"

"రూలేదో అడ్డం..."

"పుస్తకం తియ్యి."

తియ్యలేదు. అది నా మొహంలోకి చూసి కెవ్వున నవ్వింది. "నువ్వు ఆయన్ని కొట్టకపోతే ప్రేమ, ఆయన నిన్ను కొట్టకపోతే జాలా? ఇదెక్కడి న్యాయమే!"

నోర్ముయ్యమన్నాను. అది నవ్వుతూనే ఉంది. నాకు కోపం రాలేదు. రావాలని చాలాసేపు చూశాను.

సరే, రాస్తున్నాను. ఇక్కడ ఎవరూ చూడరు కదా. ఆయన వెళ్ళిపోతే నేను తట్టుకోలేను. నాకు ఆయనంటే ఇష్టం. ఆ ఆలోచించడం ఇష్టం, చెవులు ఎర్రబడటం ఇష్టం, మీవాళ్ళు బతికే ఉన్నారు అనడం ఇష్టం. ఈ వయసులో ఇదేం వేషం అని ఎవరైనా అంటే అననీ!

జూలై 16, మంగళవారం

అక్షరాలు కోడి గెలికినట్టున్నాయి, ఫర్వాలేదు.

మధ్యాహ్నం ల్యాబ్‌లో ప్లాస్టర్ కలుపుతుంటే జనరల్‌గారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, వాడు అట్టపెట్టెలు తెచ్చాడు. అద్దాలన్నీ సర్దేశాడు. బల్ల ఒక్కటే మిగిలింది. ఆదివారం నువ్వు రాలేదని రోజంతా కూర్చునే ఉన్నాడు. కళ్ళు బాగుచేయించుకుని నేను చేసిన ఘనకార్యం ఇది!" ప్లాస్టర్ గిన్నెలోనే గట్టిపడిపోయింది. పోతే పోనీ అని చేతులు కడుక్కుని పరిగెత్తాను. ఏప్రన్ విప్పలేదని షాపు ముందుకి వెళ్ళాక తెలిసింది.

షాపంతా పెట్టెలు. వెనక గదిలో పటం అలాగే ఉంది. ఆయన లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి. నా వంతు ఉంది" అన్నాను.

నా ట్వీజర్ బల్ల అంచున ఉంది. తీసుకున్నాను. రేవులోని ఒంటి బిళ్ళని పట్టుకుని ఎత్తాను. పట్టణంలోకి తెచ్చి, మిగిలినవాళ్ళ పక్కన పెట్టాను.

"చూడండి నా దారి."

ఆయన వేలు పట్టణం దగ్గర పెట్టాడు. గడి, గడి. రేవు దగ్గర ఆగింది.

"ఇక్కడ ఎవరూ లేరండీ."

"లేరు."

"మీవాళ్ళకి తిండి అందదు."

"అందదు. పెట్టండి ఆకలి బిళ్ళ."

"వెనక్కి తీసుకోవచ్చండీ. నేనేమీ అనుకోను."

"తీసుకోను. మీ వంతు ఆడండి."

ఆకలి బిళ్ళ పెట్టడానికి ఆయనకి ఎంతసేపు పట్టిందో! తన వంతులో ఒక్క బిళ్ళయినా కదపలేదు. నేనూ కదపలేదు. మళ్ళీ వేలు పెట్టాడు, మళ్ళీ రేవు దగ్గరే ఆగాడు. పట్టణం లొంగిపోయింది. నా సైన్యాన్ని నేనే ఏరి డబ్బాలో పోశాను. జనరల్‌గారూ, క్షమించండి.

"అయితే ఇక..." అని పెట్టెల వైపు చూశాడు ఆయన.

"ఆట అయిపోయింది. అందుకే ఆట సంగతి కాకుండా చెబుతున్నాను. మీరు వెళ్ళకండి. మీరు వెళితే నాకు ఇక్కడ బాగుండదు. మీరంటే నాకు ఇష్టం." ఒక్క ఊపిరిలో అనేశాను. "నా మీద జాలిపడి రేవు వదిలారా? అది మాత్రం నిజం చెప్పండి."

"జాలేంటండీ!" ఆ మనిషి గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. "రేవు కొడితే ఆ పూటకే ఆట అయిపోతుంది. పై ఆదివారం మీరు రారు. నాకు మీరు రావాలి." ఆగి, తల వంచుకుని, "మీ గుర్రం మా స్టేషన్ దాకా వచ్చి వెళ్ళిపోయినప్పుడు ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు, సంతోషంతో" అన్నాడు.

ఇద్దరం నిలబడి ఉన్నాం, మధ్యలో ఖాళీ పటం. నవ్వు ఎవరికి ముందు వచ్చిందో తెలియదు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా ఆగలేదు.

తరవాత ఆయన ఫోన్ తీసి నంబరు నొక్కి, నా చేతికిచ్చాడు. "మా అక్క. మీరే చెప్పండి, నాకు భయం."

"ఎవరూ? ఆ రేవు అమ్మాయేనా?" అంది అవతల ఒక పెద్ద గొంతు.

ఉలిక్కిపడి ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఎప్పుడొస్తావురా అని ఆదివారం ఆదివారం అడుగుతాను. పట్టణం ఇంకా పడలేదక్కా, ఆవిడ రేవు వదలడం లేదక్కా అంటాడు. నేను చూసిన సంబంధాలన్నిటికీ కలిపి వాడు ఇన్ని మాటలు మాట్లాడలేదమ్మా. పడిందా ఇంతకీ?"

"పడిందండీ. నేనే ఇచ్చేశాను."

"మరి వాడు వస్తున్నాడా?"

ఆయన వైపు చూశాను. వెంటనే తల అడ్డంగా ఊపాడు.

"రావడం లేదండీ."

"ఇక్కడ షాపుకి రంగులు కూడా వేయించాను కదమ్మా!" అంది ఆవిడ. ముక్కు చీదిన చప్పుడు వినబడింది. "సర్లే, ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాను. వాడు వేళకి తింటున్నాడో లేదో చూస్తూ ఉండు. నీ పేరేంటి తల్లీ?"

చెప్పాను. అప్పుడు చూస్తే ఆయన ఆ పేరుని పెదాలతో మెల్లగా అనుకుంటున్నాడు. ఇన్ని ఆదివారాలూ నా పేరు అడగడానికి కూడా ఆలోచిస్తూ ఉండిపోయాడన్నమాట!

ఇద్దరం కలిసి సగం పెట్టెలు విప్పాం. మిగతా సగం అలాగే ఉన్నాయి. ఇంటికి వచ్చేసరికి చెల్లి గుమ్మంలోనే నిలబడి ఉంది. నా మొహం చూసి ఏమీ అడగకుండా కావలించుకుంది.

రేపు బుధవారం. ఆట లేదు. వెళుతున్నాను.